మామయ్య నోట్‌బుక్కు, 63 క్యాసెట్లు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడినప్పుడు మా మామయ్య ఇంట్లో నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. ఫ్రిజ్ పక్కకి ఒరిగి తేలింది. బీరువా కింది అరలు మునిగాయి. టీవీ బల్ల కింద ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని, రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్కులోకి బురద దూరింది. అటక మీది రేకు పెట్టెకి మాత్రం ఏమీ కాలేదు. పై అంతస్తులో తలదాచుకున్న వాళ్లిద్దర్నీ మేం మా ఇంటికి తెచ్చుకున్న రోజు అత్తయ్య పట్టుచీరలు తల్చుకుని ఏడుస్తుంటే, ఈయన నన్ను పక్కకి పిలిచి "ఒరేయ్, అటక మీద పెట్టె ఉందా, పోయిందా?" అని అడిగాడు. అత్తయ్య చెవిన పడనే పడింది. ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

ఆ పెట్టెలో 63 క్యాసెట్లు, ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉన్నాయి. అలాంటి నోట్‌బుక్కులు ఇంకో మూడు ఉండేవి గానీ, బీరువాలో పెట్టుకోవడంతో అవి ముద్దయిపోయాయి.

మామయ్య 1980ల మధ్య నుంచి ఓ పదిహేనేళ్లు గవర్నర్‌పేటలో పాటలు ఎక్కించే కొట్టు నడిపాడు. మెట్ల కింద చిన్న గది, ఒక బల్ల, ఒక డబుల్ డెక్కు, గోడ నిండా క్యాసెట్లు. చీటీ మీద పాటలు రాసిచ్చి ఖాళీ క్యాసెట్ ఇస్తే రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. పాటకి రూపాయి. కాపీరైట్ చట్టం ఒప్పుకునే పని కాదని ఆయనకీ తెలుసు. ఇప్పుడు అడిగితే "అప్పుడందరూ చేశారు" అని మాట తప్పిస్తాడు.

నోట్‌బుక్కులో తేదీ, మనిషి, పాటలు, అడ్వాన్సు అని గడులు కొట్టి, చివర్న "చెప్పింది" అని ఇంకో గడి పెట్టాడు. క్యాసెట్ పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ వస్తే పాటలెలా ఉన్నాయో అడిగి అందులో రాసుకునేవాడు. సంగీతం మీద ప్రేమేం కాదు. కొత్త పాటలు రాగానే కొట్టుకొచ్చిన ప్రతివాడూ "ఎలా ఉన్నాయండీ?" అని అడుగుతాడు, ఏదో ఒకటి చెప్పాలి కదా. కంపెనీ క్యాసెట్లు ఇంకో పది తెప్పించాలా వద్దా అనేది కూడా ఆ గడి చూసే తేల్చుకునేవాడు.

మిగిలిన నోట్‌బుక్కు 1989ది. అంటే 'గీతాంజలి' వచ్చిన ఏడాది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా అదొక్కటే. సంగీతం ఇళయరాజా, ఏడు పాటలూ వేటూరివే. ఆ ఏడు పాటల గురించి 43 మంది చెప్పిన మాటలు మామయ్య కోడిగీతల్లో ఉన్నాయి. నేను చదవడం మొదలుపెట్టింది ఏదో కాలక్షేపానికి, పూర్తిచేసేసరికి రాత్రి ఒంటిగంట.

పప్పుల కొట్టు పెద్దాయన: "ఘంటసాలతోనే పాట పోయింది." ఘంటసాల పోయింది 1974లో. పదిహేనేళ్లయినా ఈయన ప్రతి సినిమాకీ అదే మాట చెప్పేవాడు కాబోలు, తర్వాతి సినిమాల దగ్గర మామయ్య ఉత్త "పాత మాటే" అని రాసి వదిలేశాడు. గాంధీనగర్ ఫిలిం ఆఫీసు గుమస్తాకి వాళ్ల ఆఫీసు కొన్న సినిమా అయితే అన్ని పాటలూ సూపర్ హిట్టు, కొననిదైతే "చూడాలి". లయోలా కాలేజీ కుర్రాళ్లు నలుగురు చందా వేసుకుని ఒక తొంభై నిమిషాల క్యాసెట్ తెచ్చి, రెండు వైపులా 'ఓ ప్రియా ప్రియా' ఒక్కటే ఎక్కించమన్నారు. వాళ్ల "చెప్పింది" గడిలో ఏమీ లేదు. చెప్పడానికి ఇంకేముంది? ఒకావిడ 'ఆమనీ పాడవే' తీసేయమంది, నిద్రొస్తోందట. మూడు వారాలకి సినిమా చూసొచ్చి మళ్లీ అదే పాట ఎక్కించుకుని వెళ్లింది. మామయ్య రెండోసారీ రూపాయి తీసుకున్నాడు.

ఇవన్నీ నవ్వుకుంటూ చదివాను గానీ ఒక విషయం దగ్గర ఆగిపోయాను. 43 మందిలో 17 మంది మాట ఒకటే: గొంతు సరిగ్గా వినపడటం లేదు. ఒకరు "మూసుకుపోయింది" అన్నారు, ఇంకొకరు "వాయిద్యాలు మింగేశాయి" అన్నారు, రైల్వే క్వార్టర్స్ ఆయనైతే "దుప్పట్లో దూరి పాడినట్టుంది" అన్నాడు. వీళ్లలో ముగ్గురు నలుగురు తప్పు నేరుగా ఇళయరాజా మీదికే తోశారు. వెంటనే ఫోన్లో ఆ పాటలు పెట్టి విన్నాను. చిత్ర పాడిన 'జల్లంత కవ్వింత'లో ప్రతి అక్షరమూ వినపడుతోంది. మరి ఆ 17 మంది ఏం విన్నారు? వాళ్లు విన్నదే నేనూ వినాలనిపించింది. ఎలాగూ క్యాసెట్లన్నీ డిజిటల్ చేసిపెట్టమని మామయ్య అడుగుతూనే ఉన్నాడు. రెండు ఆదివారాల పని అనుకున్నాను. జనవరిలో మొదలుపెడితే మే నెల పట్టింది.

ముందు డెక్కు కావాలి. వరదలో మునిగినదాన్ని ఏలూరు రోడ్డులో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, మూత తీసి చూసి మళ్లీ మూసేశాడు. చివరికి గుంటూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌ది 4,500కి దొరికింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇంటికొచ్చి ఆన్ చేస్తే మోటారు తిరిగింది గానీ క్యాసెట్ కదల్లేదు. లోపలి రబ్బరు బెల్టు ఏళ్లకేళ్లు వాడక కరిగి తారులా పుల్లీకి అంటుకుపోయింది. ఇయర్‌బడ్స్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి ఆ తారు గోకడానికే ఒక సాయంత్రం గడిచింది. నా వేళ్ల నలుపు వారం దాకా పోలేదు. కొత్త బెల్టు ఆన్‌లైన్లో తెప్పించాను.

తర్వాత చేసిన తెలివితక్కువ పని చెప్పుకోవాలి. డెక్కు వైరు తెచ్చి లాప్‌టాప్ మైకు రంధ్రంలో గుచ్చి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వరసగా తొమ్మిది క్యాసెట్లు రికార్డ్ చేసేశాను. మైకు రంధ్రం మోనో. ఎడమ, కుడి కలిసిపోయాయి. పైగా మైకుకి సరిపోయే సన్నటి సిగ్నల్ కోసం చేసిన దాంట్లోకి డెక్కు సిగ్నల్ పంపితే గట్టిగా పాడిన చోటల్లా బరబరా చిరిగిపోయింది. తొమ్మిదీ చెరిపేసి, లైన్ ఇన్ (డెక్కు లాంటి వాటి గట్టి సిగ్నల్ కోసం ఉండే రంధ్రం) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని మళ్లీ మొదటికొచ్చాను. మీరెవరైనా చేస్తే ఇది ముందే కొనండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో గంట క్యాసెట్‌కి దాదాపు 1 జీబీ అవుతుంది. లెవెల్ మీటరు ఎంత గట్టి చోటైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకుంటే చాలు, సౌండ్ తర్వాత పెంచుకోవచ్చు. ఇందులో తొందరపడటానికేమీ లేదు. గంట క్యాసెట్‌కి గంట పడుతుంది.

క్యాసెట్లలోనూ రోగాలున్నాయి. రీలుని డెక్కు హెడ్డుకి, అంటే పాటని చదివే భాగానికి, నొక్కిపెట్టే రాగి రేకు మీద చిన్న మెత్తటి ఫెల్ట్ ముక్క ఉంటుంది. జిగురు ఎండిపోయి పన్నెండు క్యాసెట్లలో అది రాలిపోయింది. ఆ ముక్క లేకపోతే పాట దూరం నుంచి వస్తూ పోతూ ఉంటుంది. అయిదు స్క్రూల క్యాసెట్లయితే నయం, విప్పి పాడైపోయిన క్యాసెట్లోంచి తీసి దీనికి పెట్టొచ్చు. స్క్రూల్లేకుండా అతికేసిన వాటిని బ్లేడుతో అంచు వెంట చీల్చాలి. అలా విప్పుతుంటే ఒకసారి చుట్ట జారి రీలంతా మంచం మీద కుప్ప పడింది. అరవై నిమిషాల క్యాసెట్లో ఉండేది దాదాపు 86 మీటర్లు. చుట్టడానికి మా అమ్మాయి సాయం పట్టింది. దానికి ఇదేమిటో ముందు చెప్పాల్సి వచ్చింది.

ఒక్క ఘోరం మాత్రం దిద్దుకోలేనిది. క్యాసెట్ వీపున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. అవి విరిచేస్తే దాని మీద మళ్లీ ఎక్కదు. మామయ్య కొట్టు క్యాసెట్లన్నిటికీ విరిచాడు గానీ ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి పట్టుకున్న ఒక నాటకానికి విరవలేదు. నేను ప్లే బదులు రికార్డ్ నొక్కాను. 11 సెకన్లు పోయాయి. ఇప్పుడా నాటకంలో ఒకామె "నువ్వేనా?" అంటుంది, 11 సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాత ఇంకెవరో వెక్కివెక్కి ఏడుస్తుంటారు. మధ్యలో ఏమైందో ఇక తెలిసే దారి లేదు. మామయ్యకి ఈ సంగతి చెప్పలేదు.

అసలు విషయానికి వస్తాను. పెట్టెలో 'గీతాంజలి' మూడు రకాలుగా దొరికింది. ఒకటి కంపెనీ క్యాసెట్. రెండోది, దాన్ని రోజూ తిప్పితే అరిగిపోతుందని మామయ్య తీసిపెట్టుకున్న కాపీ, దానికి "మాస్టర్" అని పేరు. మూడోది ఎవరో ఎక్కించుకుని డబ్బులివ్వక వదిలేసిన క్యాసెట్. అడ్వాన్సు రెండు రూపాయలు అని దాని చీటీ మీద ఇంకా ఉంది.

కంపెనీది పెట్టాను. బాగుంది. మాస్టర్ పెట్టాను. అదే డెక్కు, అదే సౌండు, పాట మాత్రం దుప్పట్లో దూరింది. చిత్ర గొంతులో 'స'లు, 'శ'లు లేవు, తాళం మోత లేదు, అంతా గదికి అవతల జరుగుతున్నట్టుంది. మూడోది ఇంకా ఘోరం. నేను పరుగున వెళ్లి నోట్‌బుక్కు తెచ్చుకున్నాను. రైల్వే ఆయన మాట ఒక్క ముక్క కూడా అతిశయోక్తి కాదు.

ముప్పై అయిదేళ్ల రీలు కదా, పాడైపోయిందేమో అనుకున్నాను. అయితే పక్కనున్న వేరే సినిమాలు అదే వయసువి, బాగానే పలుకుతున్నాయి. అప్పుడు హెడ్డు పక్కన స్ప్రింగు తొడిగిన చిన్న స్క్రూ ఒకటి ఉంటుందని గుర్తొచ్చింది. హెడ్డులో కంటికి ఆనని సన్నటి చీలిక ఉంటుంది, అది రీలుకి సరిగ్గా నిటారుగా నిలబడాలి. వెంట్రుకవాసి వాలినా ముందు పోయేవి సన్నటి శబ్దాలే. మాస్టర్ ఆడుతుండగా చిన్న స్క్రూడ్రైవరుతో ఆ స్క్రూని కొద్దిగా ఇటు తిప్పాను, ఇంకా మూసుకుపోయింది. వెనక్కి తిప్పి అటువైపు పావు చుట్టు ఇచ్చాను. తలుపు తీసినట్టు గొంతు బయటికొచ్చింది. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే వంగి పాట అయ్యేదాకా విన్నాను.

అంటే రీలు బాగానే ఉంది. ఎక్కించిన రోజు మామయ్య డెక్కు హెడ్డు వాలి ఉంది. ఇందులో తమాషా ఏంటంటే, వాలిన హెడ్డుతో ఎక్కించింది అదే హెడ్డు మీద వింటే బ్రహ్మాండంగా ఉంటుంది. రెండూ ఒకేలా వాలాయి కదా. వేరే మిషన్లోనే తేడా తెలుస్తుంది. ఎవరైనా కొట్టుకొచ్చి బాలేదంటే మామయ్య అక్కడే పెట్టి వినిపించేవాడు, అది ఖంగున మోగేది, వచ్చినవాళ్లు తమ చెవుల్నో, ఇంట్లో సెట్టునో, ఇళయరాజానో అనుమానించుకుంటూ వెళ్లిపోయేవాళ్లు.

మామయ్యని పిలిచి కూర్చోబెట్టాను. మొదట స్క్రూ తిప్పకుండా, తర్వాత తిప్పి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. నోట్‌బుక్కు లాక్కుని, కళ్లద్దాలు పైకి తోసి, రైల్వే ఆయన పేజీ వెతికాడు.

"మే 20. దుప్పట్లో దూరి పాడినట్టుంది. వాళ్ల సెట్టు పాతది, మార్చమని చెప్పితిని."

నాలుగు పేజీల తర్వాత: "జూన్ 17. కొత్త సెట్టు కొన్నారు. అదే మాట."

"పన్నెండొందలు పెట్టి కొన్నాడ్రా ఆయన," అన్నాడు మామయ్య. "నాకు తెచ్చి చూపించాడు కూడా."

"నీకు అనుమానం రాలేదా మామయ్యా?"

"మన దగ్గర బాగా వినపడేది కదరా!"

కాసేపాగి పెన్ను అడిగాడు. జూన్ 17 పక్కన మిగిలిన కొంచెం చోటులో "మన హెడ్డు వంకర" అని రాసి, ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టాడు. మిగతా పదహారుగురి పక్కన కూడా "అదే" అని వరసగా రాసుకుంటూ పోయాడు. పప్పుల కొట్టు పెద్దాయన దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆపి, "ఈయనది మాత్రం మన తప్పు కాదు" అన్నాడు.

"ఇంతకీ నువ్వేమంటావు? పాటలెలా ఉన్నాయి?"

"నేనెప్పుడు విన్నాను? ఎక్కించాను గానీ."

నమ్మలేదు నేను. కానీ నిజమే అయ్యుండాలి. రోజుకి పది క్యాసెట్లు తిరిగే చోట, పాట సరిగ్గా ఎక్కుతోందా అని మొదటి అర నిమిషం, చివర తెగకుండా ఆఖరి అర నిమిషం వినేవాడట. మధ్యలో ఏముంటుందో తెలియదట. చరణాలు ఆయనకి కొత్త!

ఏడు పాటలూ వరసగా పెట్టమన్నాడు. కుర్చీ స్పీకర్ల దగ్గరికి జరుపుకుని, నోట్‌బుక్కులో కొత్త గీత కొట్టి, "మనిషి" గడిలో తన పేరు రాసుకున్నాడు. అడ్వాన్సు దగ్గర సున్నా చుట్టాడు. నాలుగో పాట రెండో చరణంలో కరెంటు పోయింది. "చెప్పింది" గడి ఇంకా ఖాళీగానే ఉంది.