చొక్కా గుండీలు

అరికాళ్లలో తిమ్మిర్లతో మొదలైంది. రెండో రోజుకి మెట్లెక్కుతుంటే మోకాళ్లు నిలవలేదు. చూపించుకుంటే, నీరసమని బి కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపేశారు. అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఏం లేదురా, అంతా నీ టెన్షనే. ఊరికే ఏదేదో ఊహించుకోకు" అన్నాడు. నాలుగో రోజు మంచం మీంచి లేవలేకపోయాను.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టారు. కాలు ఎగరలేదు. రెండోదీ అంతే. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు. క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబడి సొంత నరాల మీదే పడుతుంది. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, నరంలోకి ఎక్కించారు. ఊపిరి తీసే కండరాలకి పాకుతుందేమోనని పదేపదే గొట్టంలో ఊదించి చూసేవాళ్లు. అంతదాకా పోలేదు, అదృష్టం.

కదల్లేని మనిషికి రాత్రి చాలా పొడుగు. పక్కకి తిరగాలన్నా మా ఆవిడని లేపాలి. కళ్లు మూసుకుంటే చాలు, "అంతా నీ టెన్షనే" అన్న మాట చెవిలో పడేది. చిత్రమేమిటంటే, నన్ను కాటేసిన నా ఒంటి మీద నాకు కోపం రాలేదు. పాపం, పొరబడింది అనుకున్నాను. అన్నయ్య కూడా పొరబడ్డాడంతే అనుకోవడానికి మాత్రం మనసొప్పలేదు. ఆ కోపమంతా ఎవరి మీద పడిందంటే, నన్ను తిప్పి పడుకోబెడుతున్న మా ఆవిడ మీద. దిండు సరిగ్గా పెట్టలేదని ఒక రాత్రి గట్టిగా అరిచాను. ఆమె ఏమీ అనలేదు. దిండు సర్ది, నా వేళ్లు ఒక్కొక్కటే చాపి, మళ్లీ మడిచి, వ్యాయామం చేయించింది. నన్ను ఎన్నిసార్లు క్షమించి ఉంటుందో ఆ రాత్రి లెక్క వేసుకున్నాను.

మర్నాటి నుంచి, అన్నయ్య మాట గుర్తొచ్చినప్పుడల్లా "వాడికి తెలిసినంతలో అన్నాడు" అని పైకే చెప్పుకునేవాణ్ణి. ఒక్కసారితో పోయే కోపం కాదది. పొద్దున పోయింది అనుకుంటే సాయంత్రం ఫిజియోథెరపీలో కాలు వణకగానే తిరిగొచ్చేది. మళ్లీ మొదటి నుంచి.

క్షమించడమంటే జరిగింది ఒప్పేనని సర్దుకుపోవడం కాదని నా నమ్మకం. మాత్రలిచ్చి పంపిన డాక్టరుకి ఉత్తరం రాయించాను. తిట్టలేదు. తిమ్మిర్లు, నీరసం కాళ్ల నుంచి పైకి పాకుతున్నాయని ఎవరైనా వస్తే దయచేసి ఒక్క నిమిషం సుత్తితో తట్టి చూడండి అని అడిగాను.

దెబ్బతిన్న నరప్పోగు తిరిగి పెరిగితే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరట. కాళ్లు నాలుగో నెలకి నిలబెట్టాయి, వేళ్లు ఇంకా ఆలస్యం చేశాయి. అప్పుడొచ్చాడు అన్నయ్య. గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఆ రోజు నీ మాట నాకు చాలా బాధేసింది అన్నయ్యా" అన్నాను. తల దించుకుని, "నాకు భయమేసిందిరా, అందుకే అలా అనేశా" అన్నాడు.

నేను చొక్కా మూడో గుండీ దగ్గర తంటాలు పడుతున్నాను. పెడదామని చెయ్యి చాపి, మళ్లీ ఏమనుకుంటానోనని వెనక్కి తీసుకోబోయాడు.

"పెట్టు అన్నయ్యా" అన్నాను.