డాక్టరమ్మ నా తొడ మీద మచ్చ చూసి అడిగిన మాట

పోయిన కార్తీకంలో నాకు స్క్రబ్ టైఫస్ వచ్చింది. 11 రోజులు తిరుపతిలో ఆసుపత్రిలో ఉన్నాను, అందులో 5 రోజులు ఐసీయూ. మాది పాకాల పక్కన పల్లె. ఆర్మీలో లారీ డ్రైవరుగా 17 ఏళ్లు చేసి వచ్చి తోతాపురి మామిడి తోట పెట్టుకున్నాను. వానలకు చెట్ల కింద గడ్డి మోకాలెత్తు పెరిగితే కూలీలు దొరక్క నేనే కొడవలి పట్టాను. ఆ గడ్డిలో ఆవగింజ కంటే ఎంతో చిన్న పురుగు పిల్ల ఉంటుందట, అది కుడితే వచ్చే జ్వరం ఇది. కుట్టినట్టు కూడా తెలియదు.

మొదట ఊళ్లో సూది వేయించుకున్నాను. తర్వాత ఒక క్లినిక్‌లో రక్తం చూసి టైఫాయిడ్ అన్నారు, నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించారు, జ్వరం 104 నుంచి దిగలేదు. అన్ని రోజుల్లో నా చొక్కా విప్పి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. తొమ్మిదో రోజు ఊపిరి అందక బాత్రూమ్ దగ్గర కూలబడితే బామ్మర్ది కారులో వేసుకుని తిరుపతికి తెచ్చాడు. అప్పటికి ప్లేట్‌లెట్లు 38 వేలు, ఆక్సిజన్ 86.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు పాతికేళ్లు ఉంటాయేమో. "ఒళ్లంతా చూడాలి సార్, ఏమీ అనుకోవద్దు" అని సెల్‌ఫోన్ లైటు వేసి చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక అన్నీ వెతికింది. మొలతాడు కింద దొరికింది. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు, ఆ పురుగు కుట్టిన చోటు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే నేనూ చూసుకోలేదు. టెస్టు రిపోర్టు కోసం ఆగకుండా ఈ జ్వరానికి వాడే డాక్సీసైక్లిన్ మందు మొదలుపెట్టించింది. మూడో రోజుకు జ్వరం దిగింది. నేను ఈరోజు ఇది రాస్తున్నానంటే ఆ అమ్మాయి వెతికిన ఆ పది నిమిషాల వల్లే.

అలా వెతుకుతున్నప్పుడే ఎడమ తొడ మీద లోతుగా ఉన్న మచ్చ చూసి "ఇదేంటి సార్, యాక్సిడెంటా?" అంది. "మైన్ పేలింది తల్లీ, శ్రీలంకలో, 1988లో" అన్నాను. "శ్రీలంకలోనా? మన ఆర్మీ అక్కడికి ఎందుకెళ్లింది?" అంది. ఎగతాళి కాదు, నిజంగా తెలియక అడిగింది. జవాబు చెప్పడానికి ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగాను గానీ మాట రాలేదు. ఊపిరి అందక మాత్రమే కాదు.

మరునాడు మా ఆవిడ అంది: "రాత్రంతా అరవంలో మాట్లాడినావు. కదవు తెరంగమ్మా, కదవు తెరంగమ్మా అంటానే ఉన్నావు. అంటే ఏమి?"

తలుపు తీయండమ్మా అని.

చిత్తూరు వైపు వాళ్లకు అరవం కొత్త కాదు. మా అమ్మమ్మది తిరుత్తణి, ఇంట్లో సగం అదే మాట్లాడేవాళ్లం. మా కాన్వాయ్‌లో అరవం వచ్చినవాళ్లం ఇద్దరమే, అందుకని ఇళ్లు సోదా చేయాలంటే డ్రైవరునైనా సరే నన్ను పిలిచి తలుపు ముందు నిలబెట్టేవాళ్లు. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి తమిళుల పోరు ఆపడానికి కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు పెట్టగానే సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్‌ను అక్కడ దించారు. తమిళులుండే జాఫ్నాలో మొదట్లో జనం దండలు వేశారు, కొబ్బరినీళ్లు ఇచ్చారు. కాపాడ్డానికి వచ్చామని వాళ్లూ నమ్మారు, మేమూ నమ్మాం. అక్టోబరులో తమిళ పులుల (ఎల్టీటీఈ) మీద మన సైన్యం దాడి, ఆపరేషన్ పవన్, మొదలైంది. అప్పటినుంచి అవే వీధుల్లో అవే తలుపులు కొట్టాను. ఒక పెద్దావిడ తలుపు తీసి నా ముఖంలోకి చూసి "యారుక్కాగ వందీంగ తంబీ?" అంది. ఎవరి కోసం వచ్చారు నాయనా అని. మా సుబేదారు "ఏమంటోంది?" అంటే "ఇంట్లో ఎవరూ లేరంటోంది సాబ్" అన్నాను.

నా మొదటి కాపలా పోస్టు జాఫ్నా ఆసుపత్రికి కొంచెం దూరంలో. 1987 దీపావళి నాడు మన సైన్యం ఆ ఆసుపత్రిలోకి వెళ్లింది. రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి కాల్పులు వచ్చాయని మనవాళ్లు అన్నారు, లోపల సాయుధులెవరూ లేరని బతికి బయటపడ్డ సిబ్బంది అన్నారు. నేను అందులో లేను. కానీ మనమంటే నేనూ ఉన్నట్టే కదా. ఐసీయూలో రాత్రిపూట మానిటర్ల చప్పుడు వింటూ, నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చి వెళుతుంటే, ఆ ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్ల గురించే ఆలోచించాను. 37 ఏళ్లలో అంతసేపు ఎప్పుడూ ఆలోచించలేదు.

వార్డుకు మార్చాక బామ్మర్దితో పెద్ద వాదనే అయింది. "1971లో వెళ్లలేదా బావా, బంగ్లాదేశ్ రాలేదా? మనం వెళ్లకపోతే ట్రింకోమలీ రేవులో ఇంకో దేశంవాడు కూర్చునేవాడు" అంటాడు. 1971ని నేనూ తప్పనను. కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చిపడ్డారు, అక్కడి జనం మనం రావాలని కోరుకున్నారు, 13 రోజుల్లో యుద్ధం ముగిసింది, 1972 మార్చికల్లా మన సైన్యం వెనక్కి వచ్చేసింది. 1987 జూన్ 4న ఆకలితో ఉన్న జాఫ్నా మీద మన విమానాలు తిండి సరుకులు జారవిడిచినదీ తప్పనను. తప్పు ఆ సంతకాల దగ్గర జరిగింది. తుపాకీ పట్టుకుని పోరాడుతున్న పులులు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. పెట్టనివాళ్ల చేత ఆయుధాలు దింపిస్తామని మనం పూచీ పడ్డాం. శ్రీలంక ప్రభుత్వానికీ పులులకూ మధ్య నిలబడాల్సినవాళ్లం ఒక పక్షమయ్యాం, ఆ పక్షం కూడా చివరికి మనది కాలేదు, ప్రేమదాస అధ్యక్షుడయ్యాక మమ్మల్నే వెళ్లిపొమ్మన్నాడు. 32 నెలలు. 1,100 మందికి పైగా మనవాళ్లు పోయారు. అక్కడివాళ్లు ఇంకా ఎంతమందో. 1990 మార్చి 24న ఆఖరి ఓడ ట్రింకోమలీ వదిలింది, మద్రాసులో స్వాగతానికి రానని ముఖ్యమంత్రి కరుణానిధి చెప్పేశారు. ఆ ఏడాది నాకు ఆయన మీద ఎంత కోపమో. మరుసటి ఏడు శ్రీపెరంబుదూరులో పులులు రాజీవ్ గాంధీని చంపేశారు. శ్రీలంక సైన్యానికీ పులులకూ మధ్య ఆ యుద్ధం 2009 దాకా సాగింది. ఏం మిగిలింది అంటే, రాష్ట్ర మండళ్లు పెట్టమని శ్రీలంక రాజ్యాంగంలో రాసుకున్న 13వ సవరణ మిగిలింది, ఉత్తర ప్రాంతంలో ఆ మండలికి మొదటి ఎన్నికలు జరగడానికి 2013 రావాల్సి వచ్చింది.

"అంటే మనోళ్లు ఉత్తినే చచ్చిపోయినారా?" అన్నాడు బామ్మర్ది. ఆ మాటకు భయపడే ఇన్నేళ్లూ వెళ్లడం న్యాయమే అని అందరితో వాదించాను. నా పక్క సీట్లో కూర్చున్న రాజస్థాన్ కుర్రాడు వవునియా రోడ్డు మీద నా ఒళ్లోనే పోయాడు. 21 ఏళ్లు. అతను మంచివాడు, చెప్పిన పని చేశాడు. అతన్ని పంపడం తప్పు. ఈ రెండూ ఒకే నోటితో చెప్పడానికి నాకు ఇంతకాలం పట్టింది.

ఇంటికొచ్చాక రెండు నెలలు నీరసం. కుడి చెవిలో హోరు, దువ్వెన నిండా వెంట్రుకలు, రాగి అంబలి తప్ప ఏదీ సహించేది కాదు. సంక్రాంతికి తోట గట్టు దాకా నడిచాను, ఫుల్ ప్యాంటు, బూట్లు వేసుకుని.

రివ్యూకు వెళ్లినప్పుడు ఆ డాక్టరమ్మే ఓపీలో ఉంది. బీపీ చూసి, ఊపిరితిత్తులు విని, బాగున్నాయి సార్ అంది. "ఆ రోజు ఒక మాట అడిగావు తల్లీ" అన్నాను. గుర్తు లేదన్నట్టు చూసి, తర్వాత నా తొడ వైపు చూసింది. బయట 40 మంది టోకెన్లు పట్టుకుని ఉన్నారు. అయినా స్టెతస్కోప్ తీసి బల్ల మీద పెట్టి, "చెప్పండి సార్" అంది.

ఆ పెద్దావిడ తలుపు తీసిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.