అక్టోబరు 1, పింఛన్ల రోజు

తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ. ఎడమ పిక్కలో అదురు. నొప్పి కాదు, తిమ్మిరీ కాదు. చర్మం కింద చేపపిల్ల తోక కొట్టి ఊరుకున్నట్టు. ఓ పదిసార్లు కొట్టి ఆగింది. మళ్ళీ ఎప్పుడు కొడుతుందోనని కదలకుండా పడుకుని కాపలా కాశాను. ఎనిమిది నెలలుగా ఇదే నాకు సుప్రభాతం.

అమ్మ అప్పటికే తలంటుకుని తయారు. అరసవల్లిలో ఈ రెండు రోజులూ పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. మార్చిలో 9, 10, మళ్ళీ అక్టోబరులో 1, 2. "నువ్వూ రారా, ఆరోగ్యం అడగాల్సింది ఆయన్నే" అంది. ఒకటో తారీఖున పింఛన్లు వదిలేసి ఎక్కడికొస్తానమ్మా అన్నాను. ఇది మాత్రం సాకు కాదు. నేను బ్యాగు సర్దుకుంటుంటే ఆటో దిగి వచ్చేసింది. మబ్బు కప్పేసిందట. దిగులేం లేదు, "రేపు వెళ్తాన్లే" అంటూ కాఫీ పెట్టుకోడానికి వెళ్ళిపోయింది. నాకు అసూయ వేసింది.

నాకు కాఫీ మానేసి నాలుగు నెలలైంది. విశాఖలో చూపించుకున్న నరాల డాక్టరు మానమన్నారు. ఆయన కాళ్ళూ చేతులూ నెట్టించి, లాగించి, మోకాలి కింద సుత్తితో కొట్టి, ఈఎంజీ కూడా చేయించారు. సన్నటి సూది కండలో గుచ్చి లోపలి కరెంటు చూసే పరీక్ష. అంతా బావుందన్నారు. "మీరు భయపడే ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు ముందు బలం తీసేస్తుందండీ. చొక్కా గుండీ పెట్టుకోలేరు, పాదం ఈడ్చుకుపోతుంది, లేదంటే మాట ముద్దగా వస్తుంది. మీకు బలం నిక్షేపంగా ఉంది, పరీక్ష శుభ్రంగా ఉంది. ఇది నిద్ర చాలక, ఆందోళన ఎక్కువై వచ్చే అదురు" అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన హాయిగా నిద్రపోయాను. వారం రోజులు మనిషినయ్యాను. ఎనిమిదో రోజు స్నానం చేస్తుండగా అనుమానం తగిలింది: పరీక్ష మరీ తొందరగా చేయించేసుకున్నానేమో, జబ్బు అప్పటికింకా సూదికి దొరికేంత ముదరలేదేమో?

ఇక ఫోను పట్టుకుంటే వదల్లేదు. 1993లో మేయో క్లినిక్ వాళ్ళు ఇలా ఒట్టి అదుర్లున్న 121 మందిని ఏళ్ళ తరబడి గమనించి, ఒక్కరికీ ఆ జబ్బు రాలేదని రాశారు. చదివి నేను 122వ వాణ్ణి కాబోలు అనుకున్నాను. స్టీఫెన్ హాకింగ్‌కి 21 ఏళ్ళకే బయటపడిందన్నది తలలో దిగిపోయింది, ఆయన 76 ఏళ్ళు బతికాడన్నది మాత్రం దిగలేదు. భయానికి లెక్కలు రావని కాదు, తనకి కావలసిన లెక్కే ఏరుకుంటుంది.

పైగా నా సొంత పరీక్షలు. మునివేళ్ళ మీద నిలబడటం, మడమల మీద నడవడం, అద్దంలో నాలుక చూసుకోవడం, రెండు బొటనవేళ్ళ కింది కండ పక్కపక్కన పెట్టి పోల్చడం. అన్నిటికన్నా ముఖ్యం టేపు. కుడి పిక్క 35 సెంటీమీటర్లు, ఎడమది 34న్నర. పుట్టినప్పటి నుంచీ ఆ అర సెంటీమీటరు తేడా ఉండి ఉండొచ్చు, ఎవరు కొలిచారు గనక? మా ఆవిడ ఒకరోజు చూసి, "కండకి లేని దురద మీకెందుకండీ" అంది. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి పావుగంట ఇలా రాయడం కౌన్సెలింగ్ మేడమ్ పెట్టిన పని. పగలు ఆ ఆలోచన వస్తే 'రాత్రి చూద్దాం' అని వాయిదా వెయ్యాలట. ఇవాళ ఏడింటికి వీధిలోకి దిగేలోపే మూడు వాయిదాలు.

నా జాబితాలో 52 మంది. మూడో ఇంట్లో మామ్మకి వేలిముద్ర పడలేదు. పొలం పనుల్లో అరిగిపోయిన వేలు. తడిగుడ్డతో తుడిచి, నా వేలితో అదిమి పట్టి, మళ్ళీ మళ్ళీ పెట్టించాను. నాలుగోసారి నా బొటనవేలే టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. చెవుల్లో వేడి. మామ్మ చెయ్యి తీసుకోకుండానే నా మొహంలోకి చూసింది.

"నీ ఏలు గెంతుతుంది బాబూ. నిద్దరోలేదేటి?"

లేదు మామ్మా అన్నాను.

"నాకూ ఎడం కన్ను ఆర్నెల్లు అదిరింది. ఆడోళ్ళకి ఎడం కన్ను మంచిదన్నారు. ఏటొచ్చింది? ఇదో, నీ నాలుగు వేలు."

మిషన్ అప్పుడు తీసుకుంది ముద్ర. ఎనిమిది అయిదు వందల నోట్లు లెక్కపెట్టి ఇస్తే, ఆవిడ తిరిగి లెక్కపెట్టుకుంది.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు, చుట్టూ తిరుగుతున్నాను. పదకొండింటికి ఆ ఇంటికి వెళ్ళాను. జాబితాలో 15,000 రూపాయల వరసలో ఉన్న పిల్లాడి ఇల్లు. కండరాలు క్షీణించే జబ్బు, పదిహేనేళ్ళు, చక్రాల కుర్చీ. జనవరిలో వాళ్ళ కాగితాలు కంప్యూటర్లో ఎక్కిస్తూ ఆ జబ్బు పేరు వెతకబోయి, వెతుకుతూ వెతుకుతూ ఏఎల్ఎస్ దగ్గర తేలాను. ఆ రెంటికీ చుట్టరికం లేదు. వాడిది కండరాల్లోనే ఉండే, పుట్టుకతో వచ్చే జన్యులోపం. నేను భయపడేది కండల్ని నడిపే నరాలు చచ్చిపోవడం. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ రెండు నెలలు ఆ ఇంటిని తోటి ఉద్యోగికి అంటగట్టి, అతని వీధిలో రెండిళ్ళు నేను చూశాను. ఇవాళ అతను సెలవు.

"రెండు నెల్లు రాలేదేటి సార్? ట్రాన్స్‌ఫర్ అయిపోనారనుకున్నాం" అన్నాడు పిల్లాడు, ఫోన్లో క్రికెట్ ఆట ఆపకుండా. సెలవులో ఉన్నానని అబద్ధం చెప్పాను. ముద్ర వేయించి డబ్బులు వాళ్ళమ్మ చేతికిస్తుంటే, "సార్, కాలు జారిపోనాది, కొంచెం పైకెట్టండి" అన్నాడు. ఆవిడ వస్తున్నా, నేనే వంగి ఎత్తాను.

వాడి పిక్క నా చేతి నిండా వచ్చింది. నా పిక్క కన్నా లావు. గట్టిగా ఉంది కూడా. నేను అలాగే పట్టుకుని ఉండిపోయాను కాబోలు, వాళ్ళమ్మ అంది: "సిన్నప్పుడు ఆ పిక్కలు సూసి మురిసిపోయేవోళ్ళం బాబూ. పహిల్వానౌతాడనుకున్నాం. కండ కాదంట, కొవ్వంట. డాట్రుగారు సెప్పేదాకా మాకేటి తెల్సు."

కాలు కుర్చీ పలక మీద సరిగ్గా పెట్టాను. వాడు ఆ ఓవర్లో అవుటయ్యాడు, నా వల్లేనన్నాడు.

బయటికొచ్చాక సిగ్గుపడాలని ప్రయత్నించాను. నిజం జబ్బుతో ఉన్నవాళ్ళని చూస్తే నా లేని జబ్బు పారిపోవాలి కదా. అలా పారిపోదు, ఇంతకుముందూ చేసి చూశాను. డయాలసిస్ చేయించుకునే ఉద్దానం ఆయన ఇంట్లో మార్చిలో బోలెడు సిగ్గుపడ్డాను, ఆ రాత్రి మామూలు కన్నా రెండుసార్లు ఎక్కువ కొలుచుకున్నాను. ఇవాళ సిగ్గు రాలేదు. ఆ పిక్క బరువు మాత్రం చేతిలోంచి పోలేదు. మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే కూడా ఉంది.

సాయంత్రం లెక్క అప్పజెప్పి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కుట్టుమిషన్ సొరుగులన్నీ గుమ్మరించి కూర్చుంది. పాప దసరా లంగాకి కొలతలు తియ్యాలి, టేపు కనపడదు. పాప మంచం కింద కూడా వెతికింది. కాసేపు నేనూ వెతికినట్టు నటించాను. తర్వాత నా తలగడ గలీబులోంచి తీసి ఇచ్చాను. ఏమీ అనలేదు. టేపు వంకా నా వంకా చూసి, "నేను చెప్తాను, మీరు రాయండి" అంది. చేతికి దొరికింది ఈ పుస్తకమే.

నడుము 24 అంగుళాలు. పొడవు 33. అంచుకి రెండు వదలాలి.

పావుగంట ఎప్పుడో దాటిపోయింది. ఎడమ పిక్క ఇప్పుడూ కొట్టుకుంటోంది. టేపు ఆవిడ దాచేసింది. బీరువా మీద, మరమరాల డబ్బా వెనకాల.