కోరంగి రేవు దాటిపోయిన ముత్తాత ఊరు పట్టుకోవాలంటే

డర్బన్ నుంచో, ఫిజీ నుంచో వచ్చిన మునిమనవలు ముత్తాత వలస వివరాలున్న ఒక కాగితం పట్టుకుని అమలాపురం, భీమవరం చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంటారు. కాగితంలో రాసింది చాలావరకు నిజమే. దాన్ని చదివే పద్ధతి తెలియకే ఊరు దొరకదు.

దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఒప్పంద కూలీలతో మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసులో బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా దిగిన లక్షన్నర మందిలో ప్రతి ఒక్కరికీ కొలోనియల్ నంబరు అని ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చారు. ముందు ఆ నంబరు సంపాదించండి. అక్కడ పుట్టిన పిల్లల జనన, వివాహ పత్రాల మీద తల్లిదండ్రుల నంబర్లు తరచుగా కనిపిస్తాయి. పేరుతో వెతికితే వీరాసామిలు వందలమంది తగులుతారు. ఒకే పేరు, ఒకే వయసు ఉన్నవాళ్లు ఇద్దరుంటే ఓడ జాబితాలో ఎత్తు, ఒంటి మీద మచ్చలు రాసిన గడులు చూసి తేల్చుకోవాలి.

ఆ జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు లాంటివే ఉంటాయి. తరవాతి తరాలకు తండ్రి పేరో, 'నాయుడూ' అనే బిరుదో ఇంటిపేరైపోయింది. కాబట్టి దాన్ని పట్టుకుని ఇక్కడ చుట్టాల్ని వెతకొద్దు. కులం గడి కూడా గుమాస్తాకి అర్థమైనట్టు రాసిందే.

అసలు చిక్కు జిల్లా దగ్గర. 1859కి ముందు మన గోదావరి ప్రాంతం రాజమండ్రి జిల్లా, ఆ తర్వాత గోదావరి జిల్లా. 1904లో భీమవరం, తణుకు, నరసాపురం వైపు తాలూకాలు కృష్ణా జిల్లాలోకి పోయాయి. 1925లో అవి పశ్చిమ గోదావరి అయ్యాయి. మద్రాసు నుంచి ఫిజీకి కూలీలు వెళ్లింది 1903 నుంచి 1916 మధ్య. అందుకే ఫిజీ పాసులో (కూలీకి ఇచ్చిన వలస పత్రంలో) 'కృష్ణా జిల్లా, భీమవరం' అని ఉంటే అది తప్పు కాదు. ఊరి పేరు కన్నా తాలూకాని నమ్మండి: పోలవరం గోదావరి గట్టునా ఉంది, కోనసీమలోనూ ఉంది. ఇప్పుడు ముందు తగిలించే 'ఐ.' లాంటి అక్షరాలు పాత కాగితాల్లో కనబడకపోవచ్చు.

ఊరు తేలాక రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే భూమిని మళ్లీ కొలిచి శిస్తు కట్టినప్పుడు రాసిన పుస్తకం అడగాలి. సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు దొరుకుతుంది. పిఠాపురం లాంటి ఎస్టేటు (జమీందారీ) గ్రామాల్లో ఆ రిజిస్టరు ఉండదు. అక్కడ సెటిల్‌మెంట్ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే జరిగింది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల వివరాల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి ఒకటో ఇండెక్స్ చూడాలి, అది పేర్ల వారీ. వెళ్లిపోయినవాడి పేరుతో కాకుండా ఊళ్లో ఉండిపోయిన అన్నదమ్ముల పేర్లతో చూడండి. దస్తావేజులో ఇంటిపేరు, తండ్రి పేరు రెండూ ఉంటాయి.

వలస పోయినవాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు. వాళ్లకి పై భూమి రికార్డులేవీ పనికిరావు, అదే బాధ. క్రైస్తవ కుటుంబమైతే చర్చి రిజిస్టర్లు చూడాలి. లూథరన్ సంఘాల్లో పసిపిల్లల బాప్తిస్మం నుంచి పుట్టిన సంవత్సరం అంచనా వేయొచ్చు. బాప్టిస్టు సంఘాల్లో పెద్దయ్యాకే ఇస్తారు గనక ఆ తేదీ వయసు చెప్పదు.

రంగూన్ వెళ్లినవాళ్ల దారి వేరు. కాకినాడలో టికెట్ కొనుక్కుని డెక్కు మీద వెళ్లినవాళ్లకి ఒప్పందమూ లేదు, పాసూ లేదు. వాళ్ల జాడ ఇంట్లోని ఉత్తరాల్లో, మనియార్డరు రసీదుల్లో, 'ప్రస్తుతం రంగూన్ కాపురం' అని రాసుకున్న దస్తావేజుల్లో ఉంటుంది. ట్రంకు పెట్టెలు చిత్తుకాగితాలకు అమ్మేముందు ఒక్కసారి తెరిచి చూడండి.