కుక్క చర్మం మీద గడ్డ కనిపిస్తే ఎన్నాళ్లు ఆగవచ్చు?

కుక్కను నిమురుతున్నప్పుడు వేళ్లకు గడ్డ తగిలితే, అది మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని చూసి మనమే ఒక నిర్ణయానికి వచ్చేస్తాం. మెత్తగా ఉండి, చర్మం కింద అటూ ఇటూ జరుగుతూ, నొక్కినా కుక్క మూలగకపోతే కొవ్వు గడ్డేనని ఊరుకుంటాం. వయసు మీరిన కుక్కల్లో ఇలాంటివి చాలావరకు లైపోమాలే, అంటే హాని చేయని కొవ్వు గడ్డలే అన్నది నిజమే. కానీ కుక్కల చర్మానికి తరచుగా వచ్చే క్యాన్సర్లలో ఒకటైన మాస్ట్ సెల్ ట్యూమర్ కూడా ఒక్కోసారి అచ్చం అలాగే చేతికి తగులుతుంది. బాక్సర్, పగ్, లాబ్రడార్ జాతులను పెంచేవారు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. ఆ గడ్డ కణాల్లో వాపునూ ఎరుపునూ తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం నిండి ఉంటుంది కనుక, గడ్డను తడిమినా నలిపినా అది ఒక్కోసారి ఎర్రబడి ఉబ్బి, ఆ తర్వాత మళ్లీ చిన్నదవుతుంది. అలా చిన్నదైన రోజున "తగ్గిపోయిందిలే" అనుకుని వైద్యుడి దగ్గరకు వెళ్లడం మానుకోవడమే అన్నిటికన్నా ప్రమాదకరమని నా అభిప్రాయం.

అందుకే తడిమి చూసి తేల్చుకోవడం కన్నా ఒక కొలత పెట్టుకోవడం మేలు. గడ్డ 1 సెంటీమీటరు దాటినా, నెల రోజులకు పైగా అలాగే ఉన్నా పశువైద్యుడికి చూపించాలి. రోజుల వ్యవధిలో పెరుగుతున్నా, పుండుపడి రక్తమో చీమో కారుతున్నా, కుక్క దాన్ని అదేపనిగా నాకుతున్నా ఆ నెల కూడా ఆగకూడదు. ఆడకుక్క పొదుగు దగ్గర వచ్చిన గడ్డ ఎంత చిన్నదైనా వెంటనే చూపించాల్సిందే. దవడ కిందా మోకాళ్ల వెనకా రెండువైపులా ఒకేలా వాపు కనిపిస్తే అది చర్మానిది కాక లింఫ్ గ్రంథులది కావచ్చు. దానికీ ఆలస్యం పనికిరాదు.

వైద్యుడు సాధారణంగా ముందు చేసేది సన్నని సూదితో కొన్ని కణాలు తీసి, గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోప్ కింద చూడటం. దీనికి చాలావరకు మత్తుమందు అక్కర్లేదు. కొవ్వు గడ్డ నుంచి తీసినదైతే పలక మీద నూనె బొట్టులా మెరుస్తూ ఎంతసేపటికీ ఆరదు. సూదికి తగినన్ని కణాలు రాకపోతే చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపుతారు. గడ్డ ఏమిటో తెలియకుండా కోయించేయడం నాకు సరైన పనిగా తోచదు, ఎందుకంటే క్యాన్సర్ అయితే చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కండను కూడా కొంత మేర తీయాలి. కాళ్ల మీద చర్మం బిగుతుగా ఉంటుంది కనుక, అక్కడ గడ్డ పెరిగేకొద్దీ కోసిన చోటును మూసి కుట్టడం కష్టమవుతుంది.

లేత వయసు కుక్కల తల మీదో చెవి మీదో గుండీలా ఎర్రగా లేచే హిస్టియోసైటోమా అనే హాని చేయని గడ్డ చాలాసార్లు రెండు మూడు నెలల్లో తనంతట తానే మాయమవుతుంది. అయినా అది హిస్టియోసైటోమాయేనని సూది పరీక్ష చెప్పాక ఎదురుచూడటం వేరు, మనమే ఊహించుకుని ఎదురుచూడటం వేరు.

వైద్యుడి దగ్గరకు వెళ్లేలోగా గడ్డను పిండవద్దు, పట్లు వేయవద్దు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తేదీ రాసుకుంటే చాలు. నిరుడు ఒక గడ్డ లైపోమా అని తేలినంత మాత్రాన ఈ ఏడాది పక్కనే లేచినది కూడా అదేనని అనుకోకూడదు. దానికీ విడిగా సూది పరీక్ష చేయించాల్సిందే.