ఫ్యూజు తీసి పెట్టడానికి వెయ్యి కిలోమీటర్లు

ఆఫీసు గ్రూపులో "హైమా కెమెరా రావట్లేదు" అని మెసేజ్ పడిందంటే నాకు టెన్షన్ మొదలు. హైమా అంటే ఒమన్ ఎడారి మధ్యలో ఒక ఊరు, మస్కట్ నుంచి ఐదొందల కిలోమీటర్ల పైమాట, ఆదమ్ ఊరు దాటాక చెట్టూ పుట్టా ఏమీ ఉండదు, గీత గీసినట్టు రోడ్డు. ఆ రోడ్డు పని ఎంతవరకు వచ్చిందో మస్కట్‌లో కూర్చున్న పెద్దసార్లకి కనబడాలని అక్కడ ఒక స్తంభం పాతి కెమెరా పెట్టాం. సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ, సిమ్ వేసిన రౌటర్. జగిత్యాలలో కరెంటు పని నేర్చుకుని వచ్చినవాణ్ని, ఇందులో ఏముందిలే అనుకున్నాను.

మొదటిసారి ఆగినప్పుడు నేనూ, పెషావర్ నుంచి వచ్చిన మా డ్రైవర్ భాయ్ తెల్లారగట్ల నాలుగింటికే బయల్దేరాం. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు, ఆలోపే ముగించుకోవాలి. చేరేసరికి పది. పెట్టె తెరిస్తే అన్ని లైట్లూ వెలుగుతున్నాయి, రౌటర్ మాత్రం బిగుసుకుపోయింది. ఫ్యూజు తీసి, పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ పెట్టాను. బొమ్మ వచ్చేసింది. భాయ్ ఫ్లాస్కు మూత తిప్పుతూ నా మొహం చూసి "బస్? ఇత్నా హీ?" అన్నాడు.

తర్వాతి ట్రిప్పులో ఒక చిన్న టైమర్ తీసుకెళ్లి బిగించాను, రోజూ తెల్లవారుజామున మూడింటికి రౌటర్‌కి ఒక నిమిషం కరెంటు ఆపి మళ్లీ ఇస్తుంది. ఇక్కడ ఒక సంగతి, రిలేలో, అంటే టైమర్ చెప్పినప్పుడు కరెంటు కలిపి తెంపే స్విచ్‌లో, వైర్లు కలిపేటప్పుడు మామూలుగా మూసి ఉండే కాంటాక్టుకే కలపాలి, అప్పుడు టైమరే చచ్చిపోయినా రౌటర్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది. నేను మొదట తిరగేసి కలిపాను, స్తంభం దిగబోతూ గుర్తొచ్చి మళ్లీ ఎక్కాను. దిగి కారెక్కి ఉంటే ఏమయ్యేదో! ఇంకోటి, మామూలు సిమ్‌కి బయటి నుంచి దారి ఉండదు, మస్కట్ నుంచి మనం లోపలికి వెళ్లలేం, అందుకే కెమెరాయే ఫొటోలు బయటికి పంపేలా పెట్టుకోవాలి.

చలికాలం మొదలయ్యాక కొత్త గోల. రాత్రిళ్లు ఆగిపోయి మధ్యాహ్నానికి తనంతట తనే లేస్తుంది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది మోసుకెళ్లాం. తీరా చూస్తే ప్యానెల్ మీద ఇంత మందాన మట్టి అట్టు కట్టి ఉంది, గోరుతో గీకితే పెచ్చులూడుతోంది. ఎడారిలో తడెక్కడిది అంటారా, అరేబియా సముద్రం మీది నుంచి అక్కడిదాకా రాత్రి పొగమంచు వస్తుంది, దుమ్ము మీద మంచు పడి పొద్దున ఎండకి గట్టిపడుతుంది, మన ఇళ్లల్లో అలికిన గోడలాగే. ప్యానెల్‌ని బాగా నిటారుగా తిప్పాను, సగం దుమ్ము దానంతటదే జారిపోతోంది.

అప్పటినుంచి ప్రతి ఫొటోతో పాటు బ్యాటరీ వోల్టేజీ కూడా వచ్చేలా పెట్టుకున్నా. పగలు చూస్తే అది అబద్ధం చెబుతుంది, ఛార్జవుతూ ఉంటుంది కదా, చూడాల్సింది సూర్యుడు రాకముందు అంకె. ఒకరోజు 12.5, తర్వాత 12.3, ఆ తర్వాత 12.1కి దిగిందంటే బ్యాటరీ సగం ఖాళీ, బండి సిద్ధం చేసుకోవాల్సిందే. రాత్రి వెలిగే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు కూడా ఆపేశాను. కరెంటూ మిగిలింది, ఆ లైట్లకి వచ్చే పురుగులూ, వాటి కోసం లెన్సు ముందు గూడు కట్టే సాలీళ్లూ పోయాయి.

ఒంటెల సంగతి వేరు. ఒకరోజు పొద్దున ఫొటో నిండా ఆకాశమే. ఒంటె వీపు గోక్కోవడానికి మా స్తంభం దొరికింది. చుట్టూ డ్రమ్ముల్లో ఇసుక నింపి నిలబెట్టాం, దానికి అంతకంటే టెక్నాలజీ లేదు.

మా ఊళ్లో ఇంటి ముందు కూడా ఒక కెమెరా పెట్టాను. అది మూడేళ్లలో ఒక్కసారీ బిగుసుకుపోలేదు, కానీ రాత్రి పది దాటితే కనబడదు. ఎందుకో అర్థం కాక మొన్న అమ్మకి ఫోన్ చేశాను.

"ఉత్తగనే కరెంటు కాలుడెందుకని పండేటప్పుడు రౌటర్ బంద్ చేస్త బిడ్డా, పొద్దుగాల లేవంగనే మల్ల ఏస్త" అంది.