మా పెరటి కోళ్లకు దాణా నేనే కలుపుతున్నా – నా అనుభవం

2023 జూలైలో ఒక పొద్దున గూట్లో చెయ్యి పెట్టి గుడ్డు తీస్తుంటే అది వేళ్ల మధ్య సొట్టబడిపోయింది. పెంకు లేదు, పైన పల్చటి తోలు మాత్రమే, లోపల సొన కదలడం చేతికి తెలుస్తోంది. మర్నాడు ఇంకోటి. ఆ వారంలో మొత్తం నాలుగు తోలుగుడ్లు. కోళ్లు చూస్తే హుషారుగానే ఉన్నాయి, దాణా గిన్నె ఖాళీ చేస్తున్నాయి, మరి ఇదేంటని నాకు టెన్షన్ పట్టుకుంది.

మా ఇల్లు నాగోలులో. ఆ ఏడాది జనవరిలో గ్రామప్రియ పిల్లలు పన్నెండు తెచ్చుకున్నాం, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. రెండు పిల్లల్ని పిల్లి ఎత్తుకుపోయింది, మిగిలినవాటిలో ఒకటి పుంజు, తొమ్మిది పెట్టలు.

తోలుగుడ్డు చూపిస్తే మా అత్తమ్మ, "మా ఊర్ల కోళ్లకు దాణా ఎవ్వరు కొన్నరమ్మా, పొద్దున గుప్పెడు నూకలు ఏస్తే అయిపాయె" అంది. ఆమెది జనగామ దగ్గర ఊరు, చిన్నప్పటి నుంచి కోళ్ల మధ్యనే పెరిగింది కాబట్టి ఆ మాట తీసిపారేయలేను. కానీ రాత్రంతా ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఊళ్లో నూకలు వేసేది నిజమే, కానీ నూకలు తిన్నాక ఆ కోడి పెంటకుప్ప గెలికి పురుగులు తింటుంది, పశువుల పాకలో రాలిన గింజలు ఏరుకుంటుంది, చెదలు, మిడతలు, ఆకులు, చివరికి గోడకు వేసిన సున్నం కూడా పొడుచుకుని తింటుంది. మా పెరట్లో మూడొంతులు సిమెంటు, మిగిలిన మట్టిని రెండు నెలల్లోనే గెలికి నున్నగా చేసేశాయి. ఊళ్లో నేల ఇచ్చేదంతా ఇక్కడ దాణా గిన్నెలోనే ఉండాలి, వాటికి వేరే దారి లేదు.

అప్పుడు దాణా బస్తా మీద కుట్టిన చీటీ మొదటిసారి సరిగ్గా చదివాను. కొట్టులో నేను "కోళ్ల దాణా" అని అడిగాను, ఆయన బ్రాయిలర్ దాణా ఇచ్చాడు. మాంసం కోసం పెంచే కోడికి త్వరగా బరువు పెరగడం కావాలి, దాని దాణాలో కాల్షియం ఒక శాతం దగ్గర ఉంటుంది. గుడ్లు పెట్టే కోడికి 3.5 నుంచి 4 శాతం కావాలి. ఒక్క గుడ్డు పెంకులోనే దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, దాణాలో దొరక్కపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెడుతుంది, అదీ అయిపోతే తోలుగుడ్డే. కొనేవాళ్లు "లేయర్ దాణా" అని నోరు తెరిచి అడగండి, చీటీ మీద ప్రొటీన్, కాల్షియం రెండూ చూడండి. అలాగని చిన్న పిల్లలకు లేయర్ దాణా పెట్టొద్దు, ఆ వయసులో అంత కాల్షియం వాటి కిడ్నీలను పాడుచేస్తుంది. మొదటి గుడ్డు పెట్టే సమయానికి మార్చుకుంటే చాలు.

ఇంకో తప్పు నా వంటింట్లోనే ఉంది. మిగిలిన అన్నమంతా వాటికే పెట్టేదాన్ని. వండిన అన్నంలో ఎక్కువ భాగం నీళ్లే, ప్రొటీన్ చాలా తక్కువ. దాంతో కడుపు నిండితే కోడి అసలు దాణా తినదు. ఇప్పుడు అన్నం, కూరగాయల తొక్కలు, ఆకుకూర కాడలు అన్నీ కలిపి సాయంత్రం ఒక గుప్పెడు, అంతే. పచ్చళ్లు, ఉప్పు ఎక్కువున్నవి అసలు పెట్టను.

సరే, సొంతంగా కలుపుదామని మొదలుపెట్టి ముందు పల్లి చెక్క, అంటే పల్లీల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి, తెచ్చాను. ఇది చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. ఆగస్టు ముసురులో బస్తా మెట్ల కింద పెట్టాను, వారం తర్వాత అడుగున చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది, గడ్డలు కట్టి ఉంది, ఒక గడ్డ విరిస్తే లోపల ఆకుపచ్చ బూజు. అప్పటికే పైనున్నది నాలుగు రోజులు పెట్టేశాను. ఒక పెట్ట తిండి మానేసింది, రెక్కలు వాల్చి మూల కూర్చుంది, మూడో రోజుకి చనిపోయింది. పశువుల డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు "దాణా తెచ్చారామ్మా?" అని అడిగారు, వాసన చూసి వెంటనే ఆపేయమన్నారు. బూజు పట్టిన పల్లీ, మొక్కజొన్నల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది లివర్‌ను దెబ్బతీస్తుంది, వేడిచేసినా అంత తేలిగ్గా పోదు. అసలు ఈ విషం సంగతి లోకానికి తెలిసిందే 1960లో ఇంగ్లండులో పల్లి చెక్క తిన్న టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చిపోవడం వల్ల. బూజున్న ముక్క తీసేసి మిగతాది ఎండబెట్టి వాడదామని నాకూ అనిపించింది, కానీ కంటికి కనపడే బూజు పోయినా విషం ఉండిపోతుంది. బస్తా మొత్తం పారేశాను. పల్లి చెక్క చెడ్డదని కాదు, తాజాగా దొరికే ఎండాకాలంలో వాడేవాళ్లున్నారు, వానాకాలంలో మాత్రం నేను దాని జోలికి పోను.

తర్వాత లెక్క వేసుకుని కూర్చున్నాను. మక్కల్లో ప్రొటీన్ 9 శాతం దగ్గర, తవుడులో 12, సోయా చెక్కలో 45. నాకు కావాల్సింది 17. పది కిలోలకి ఇలా వచ్చింది: మక్కలు 5 కిలోల 250 గ్రాములు, సోయా చెక్క రెండున్నర కిలోలు, తవుడు ఒక కిలో, షెల్‌గ్రిట్ అంటే ఆల్చిప్పల ముక్కలు 950 గ్రాములు, డీసీపీ అంటే కాల్షియం, ఫాస్ఫరస్ ఇచ్చే పొడి 150, విటమిన్లు కలిసిన మినరల్ మిక్చర్ 120, ఉప్పు 30 గ్రాములు. ప్రొటీన్ 17 శాతం దాటుతుంది, కాల్షియం 4 దగ్గరికి వస్తుంది. ఒక్కో కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాములు తింటుంది కాబట్టి నా ఎనిమిది పెట్టలకి, పుంజుకి కలిపి పది కిలోలు పది రోజులు. మక్కల్లో ఒక కిలో తీసి జొన్నలు వేసినా పెద్ద తేడా రాదు. జొన్నలుంటే అత్తమ్మకి కూడా సంతోషం.

సోయా విషయంలో ఒక జాగ్రత్త. కిరాణా కొట్టులో దొరికే పచ్చి సోయా గింజలు పట్టించి కలపొద్దు. పచ్చి సోయాలో ప్రొటీన్‌ను అరగనివ్వని పదార్థం ఉంటుంది, వేడి తగిలితేనే అది పోతుంది. నూనె తీసేటప్పుడు వేడిచేసిన చెక్కనే వాడాలి. దాణా కొట్టులో సోయా డీఓసీ అంటే ఇస్తారు.

గిర్నీ దగ్గర మొదటిసారి చాలా కష్టమైంది. "అన్నా, పిండి కాదు, కోళ్లకి, రవ్వలా" అంటే ఆయనకి అర్థమయ్యేలోపే సగం మక్కలు పిండి అయిపోయాయి. పిండిగా ఉంటే ముక్కుకి అంటుకుంటుంది, కోళ్లు సరిగా తినవు. ఇప్పుడు పోయినప్పుడల్లా ముందు గుప్పెడు పట్టించి, వేళ్ల మధ్య నలిపి చూసి, గోధుమ రవ్వ కంటే లావుగా ఉంటేనే మిగతాది పట్టిస్తాను. ఆయన కూడా అలవాటుపడ్డాడు, "అక్కా, కోళ్ల రవ్వే కదా" అని తనే మిషన్ సరిచేస్తాడు.

కలపడంలో తొందరపడితే మళ్లీ మొదటికే వస్తుంది. 30 గ్రాముల ఉప్పు పది కిలోల్లో నేరుగా చల్లితే ఒక కోడికి ఉప్పంతా, ఇంకోదానికి ఏమీ ఉండదు. అందుకే ఉప్పు, డీసీపీ, మినరల్ మిక్చర్ ముందు తవుడులో బాగా కలుపుతాను, దాన్ని సోయాలో, చివరికి మక్కల రవ్వలో. టార్పాలిన్ మీద కుప్పపోసి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నాలుగుసార్లు తిరగేస్తాను. అయినా రెండు వారాల తర్వాత చూస్తే గిన్నె అడుగున బూడిద రంగు పొడి పేరుకుంది. కోళ్లు పసుపు రంగు మక్కల ముక్కలు ఏరుకుని తింటున్నాయి, అడుగున మిగిలింది నేను కష్టపడి కలిపిన ఖనిజాలే! అప్పటి నుంచి సాయంత్రం పూట దాణాలో కొద్దిగా పల్చటి మజ్జిగ చిలకరించి, ముద్ద కాకుండా పొడి అంటుకునేంత మాత్రమే తడిపి పెడుతున్నాను. అరగంటలో అయిపోయేంతే పెట్టాలి, మన ఎండకి మిగిలిందంటే పులిసిపోతుంది.

పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూట. అందుకని షెల్‌గ్రిట్ కొంచెం లావు ముక్కలు వేరే గిన్నెలో కూడా ఉంచుతాను, సాయంత్రం గూట్లోకి వెళ్లేముందు పెట్టలు వాటంతటవే వచ్చి తింటాయి, పుంజు ముట్టుకోదు. అక్టోబరు మొదట్లో కొత్త దాణా మొదలుపెట్టాను, మూడు వారాలకి తోలుగుడ్లు ఆగిపోయాయి.

2024 ఎండాకాలంలో పెంకు మళ్లీ పల్చబడింది, దాణా మారలేదు కదా అని భయపడ్డాను. వేడికి కోడి తక్కువ తింటుంది, పైగా నోరు తెరిచి రొప్పుతుంటే ఒంట్లోంచి పోయే గాలితో పాటు పెంకుకి కావాల్సిన సరుకు కూడా తగ్గిపోతుంది. ఐదున్నరకే లేచి దాణా పెట్టడం, మధ్యాహ్నం మట్టి కుండలో చల్లటి నీళ్లు రెండుసార్లు మార్చడం, రేకుల మీద తడి గోనెసంచి పరచడం చేశాక కొంత కోలుకున్నాయి. తవుడు కూడా ఎండలకి త్వరగా కనరు వాసన వస్తుంది, అందుకే పది రోజులకి సరిపడా మాత్రమే కొంటాను, మూత గట్టిగా ఉన్న డ్రమ్ములో పోసి ఇటుకల మీద ఎత్తు పెడతాను, మూత మీద కలిపిన తేదీ చాక్‌పీసుతో రాస్తాను.

అత్తమ్మ ఇప్పుడు వంటింట్లో పగలగొట్టిన గుడ్ల పెంకులు ఒక్కటీ పారేయనివ్వదు. పెనం మీద వేయించి, రోట్లో దంచి, ఆల్చిప్పల గిన్నెలో కలిపి, "తినుండ్రి, తినుండ్రి" అంటూ తనే పెడుతుంది.